పేజీ లోడ్ సమయం: గడియారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోంది?

సభకు నమస్కారం.

ఒక వెబ్ పేజీ తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతోందని అడిగితే, మూడు సెకన్లనో నాలుగు సెకన్లనో ఒక అంకె చెప్పేయడం మనందరికీ అలవాటైపోయింది. ఆ అంకెను కొలిచిన గడియారం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఎవరి సందర్శనలు ఆ లెక్కలోకి వచ్చాయి, ఎవరివి రాకుండా పోయాయి అన్న ప్రశ్నలు మాత్రం చాలా అరుదుగా వినిపిస్తాయి. ఇవాళ నేను పేజీని వేగంగా తెరిపించే చిట్కాల జోలికి పోవడం లేదు. బ్రౌజర్ లోపల ఈ కొలత అసలు ఎలా జరుగుతుందన్నదే నా ప్రసంగ విషయం. కొలతను చదవడం రానంతకాలం మనం చేసే మార్పులన్నీ చీకట్లో వేసే బాణాలే అవుతాయని నేను గట్టిగా నమ్ముతాను.

మొదట గడియారం సంగతి చూద్దాం. ఒకప్పుడు పేజీ రాసేవాళ్లు హెచ్‌టీఎంఎల్ పైభాగంలోనే ఒక చిన్న జావాస్క్రిప్ట్ పెట్టి అప్పటి సమయాన్ని రాసుకునేవారు. పేజీ దిగడం ముగిసిందని బ్రౌజర్ ఇచ్చే సంకేతమైన లోడ్ ఈవెంట్ వచ్చాక మళ్లీ సమయం చూసి, రెంటికీ మధ్య తేడాను లోడ్ సమయం అనేవారు. ఈ పద్ధతిలో రెండు లోపాలున్నాయి. ఆ స్క్రిప్ట్ నడవాలంటే పేజీలో కొంత భాగమైనా అప్పటికే బ్రౌజర్ చేతికి అంది ఉండాలి కాబట్టి, డొమైన్ పేరు వెతకడానికి, సర్వర్‌తో కనెక్షన్ కలపడానికి, సర్వర్ జవాబు తయారు చేయడానికి పట్టిన కాలమంతా లెక్కలోకే వచ్చేది కాదు. రెండో లోపం, అది కంప్యూటర్ గోడ గడియారం మీద, అంటే రోజూ మనకు టైము చూపే గడియారం మీద ఆధారపడేది. నెట్‌వర్క్ ద్వారా ఆ గడియారం తనను తాను సరిచేసుకుంటూ ఉంటుంది. సరిగ్గా కొలత మధ్యలో అది వెనక్కి జరిగితే, పేజీ మొదలుకాక ముందే ముగిసిపోయినట్టు రుణ సంఖ్య వచ్చేది.

మొదటి లోపాన్ని తీర్చింది నావిగేషన్ టైమింగ్ అనే ప్రమాణం. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ దాన్ని 2012 డిసెంబరులో సిఫారసు స్థాయికి తెచ్చింది. వాడుకరి లింకు నొక్కిన దగ్గర నుంచి బ్రౌజర్ స్వయంగా గమనించిన ఒక్కొక్క దశకూ ఒక్కొక్క కాలముద్ర వేసి, ఆ ముద్రలన్నిటినీ పేజీలోని స్క్రిప్ట్‌కు అందుబాటులో ఉంచడమే దాని పని. రెండో లోపానికి మందు హై రిజల్యూషన్ టైమ్ అనే మరో ప్రమాణం. పర్ఫార్మెన్స్ డాట్ నౌ అని పిలిస్తే వచ్చే అంకె గోడ గడియారానిది కాదు. నావిగేషన్ మొదలైన క్షణాన్ని సున్నాగా పెట్టుకుని ముందుకే తప్ప ఎన్నడూ వెనక్కి నడవని గడియారానిది.

అయితే ఈ గడియారం మరీ సూక్ష్మంగా ఉండటం కూడా ప్రమాదమేనని 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక అందరికీ అర్థమైంది. ఒక జ్ఞాపకస్థానాన్ని చదవడానికి పట్టే కాలంలోని అతి చిన్న తేడాను బట్టి రహస్య సమాచారాన్ని ఊహించవచ్చని తేలడంతో, బ్రౌజర్లన్నీ తమ గడియారాలను కావాలనే మొద్దుబార్చాయి. క్రోమ్‌లో సాధారణ పేజీకి దక్కే సూక్ష్మత 100 మైక్రోసెకన్లు. ఇతర సైట్ల నుంచి పూర్తిగా వేరుపడతానని హెడర్ల (పేజీతో పాటు సర్వర్ పంపే సూచనల) ద్వారా ఒప్పుకున్న పేజీకి 5 మైక్రోసెకన్లు. లోడ్ సమయాన్ని కొలిచేవాళ్లకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. అలాగని కొలతల పట్టికలో దశాంశ బిందువు తర్వాత ఆరు అంకెలు రాసుకుని మురిసిపోవడంలోనూ అర్థం లేదు.

ఇప్పుడు ఒక పేజీని దగ్గరగా చూద్దాం. నేను చెప్పబోయే అంకెలు ఉదాహరణ కోసం అల్లినవే అయినా, ఇటువంటి వరస నిజమైన పేజీల్లో తరచుగా కనిపిస్తుంది. వాడుకరి లింకు నొక్కిన క్షణం సున్నా. ఆ లింకు నేరుగా పేజీకి కాకుండా వేరే చిరునామాకు పోయి, అక్కడి నుంచి దారి మళ్లి వచ్చేసరికి 180 మిల్లీసెకన్లు గడిచాయి. డొమైన్ పేరుకు ఐపీ చిరునామా దొరికేసరికి 220, టీసీపీ కనెక్షన్ కలిసేసరికి 320, టీఎల్ఎస్ భద్రతా ఒప్పందం ముగిసేసరికి 420. అప్పుడు గానీ బ్రౌజర్ "ఈ పేజీ ఇవ్వు" అని అడగలేదు. సర్వర్ నుంచి మొదటి బైటు వచ్చింది 780 దగ్గర. మనం టీటీఎఫ్‌బీ (టైమ్ టు ఫస్ట్ బైట్) అని పిలిచేది ఈ 780నే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. టీటీఎఫ్‌బీ ఎక్కువగా ఉందనగానే సర్వర్ మందకొడిగా ఉందని తేల్చేసి డేటాబేస్ మీద పడతారు. మన ఉదాహరణలో 780లో 420 మిల్లీసెకన్లు సర్వర్‌కు అసలు ప్రశ్న చేరకముందే గడిచిపోయాయి. మిగిలిన 360లో కూడా ప్రశ్న వెళ్లి జవాబు తిరిగి రావడానికి ఒక రాకపోకకు దాదాపు 100 పోగా, సర్వర్ నిజంగా పనిచేసింది 260 మిల్లీసెకన్లే. పైగా దారి మళ్లింపు వేరే సైటు మీదుగా జరిగితే, దానికి ఎంత పట్టిందో బ్రౌజర్ విడమర్చి చెప్పదు. రీడైరెక్ట్ ముద్రలు రెండూ సున్నాగానే కనిపిస్తాయి, కాలం మాత్రం మొత్తంలో కలిసిపోయి ఉంటుంది. వాడుకరి ఏ సైటు మీదుగా వచ్చాడన్నది గోప్యత విషయం కనుక ఇది సబబైన కట్టుబాటే. కానీ ఆ సంగతి తెలియనివాళ్లు ఆ 180 మిల్లీసెకన్ల నిందను సర్వర్ నెత్తిన వేస్తారు. సర్వర్ తాను ఎంతసేపు పనిచేసిందో సర్వర్ టైమింగ్ అనే హెడర్‌లో తానే రాసి పంపితే ఈ వాదన అక్కడికక్కడే తేలిపోతుంది, కనుక ఆ హెడర్ పెట్టుకోవడం అన్ని విధాలా మేలు.

మొదటి బైటు వచ్చిన తర్వాత ఏ క్షణాన్ని ముగింపు అనాలన్నది ఇంకా చిక్కు ప్రశ్న. చాలా ఏళ్లపాటు లోడ్ ఈవెంటే ముగింపుగా చెలామణి అయింది. పేజీలో కనబడిన చిత్రాలు, స్టైల్‌షీట్లు, స్క్రిప్టులు, లోపలి ఫ్రేములు అన్నీ దిగాక ఆ ఈవెంట్ వస్తుంది. సర్వర్ పంపిన హెచ్‌టీఎంఎల్‌లోనే పేజీ అంతా ఉన్న రోజుల్లో అది చాలావరకు న్యాయమైన కొలతే. ఇప్పుడు పరిస్థితి అది కాదు. ఖాళీ డబ్బా వంటి హెచ్‌టీఎంఎల్ పంపి, తర్వాత జావాస్క్రిప్ట్‌తో సరుకంతా తెప్పించే పేజీలో లోడ్ ఈవెంట్ వచ్చేసినా తెర మీద ఏమీ ఉండకపోవచ్చు. దీనికి తలకిందులుగా, వాడుకరి వ్యాసం సగం చదివేసినా ఎక్కడో అడుగున ఉన్న ప్రకటన ఫ్రేము రాలేదని లోడ్ ఈవెంట్ ఆగిపోయి ఉండవచ్చు. డామ్ కంటెంట్ లోడెడ్ అనే ఈవెంట్‌దీ ఇదే కథ: అది హెచ్‌టీఎంఎల్‌ను చదవడం, వాయిదా వేసిన స్క్రిప్టులను నడపడం ముగిసిందని చెబుతుంది తప్ప, మనిషి కంటికి ఏం కనిపించిందో చెప్పదు.

కంటికి కనిపించినదాన్ని కొలవడానికి మొదట్లో దొరికిన నమ్మకమైన మార్గం తెరను వీడియో తీయడం. వెబ్‌పేజ్‌టెస్ట్ అనే పరికరం 2012లో స్పీడ్ ఇండెక్స్ అనే కొలతను తెచ్చింది. పేజీ తెరుచుకునేటప్పుడు వీడియో తీసి, ఒక్కొక్క ఫ్రేములో తెర ఎంత శాతం నిండిందో చూసి, నిండని భాగాన్ని కాలంతో కలిపి కూడితే వచ్చే సంఖ్య అది. తొంభై శాతం తొందరగా నిండి చివరి పది శాతం ఆలస్యమైన పేజీకీ, చివరిదాకా తెల్లగా ఉండి ఒక్కసారిగా నిండిన పేజీకీ ముగింపు క్షణం ఒకటే అయినా, స్పీడ్ ఇండెక్స్‌లో వాటి మధ్య తేడా స్పష్టంగా తేలుతుంది. నా దృష్టిలో ఇంతకంటే నిజాయితీ గల కొలత మరొకటి రాలేదు. దాని ఇబ్బందల్లా ఒక్కటే, నిజమైన వాడుకరుల తెరలను మనం వీడియో తీయలేము.

అందుకని బ్రౌజర్లే తాము తెర మీద ఎప్పుడు గీశాయో చెప్పడం మొదలుపెట్టాయి. మొదటి అక్షరమో మొదటి చిత్రమో తెర మీద పడిన క్షణాన్ని ఎఫ్‌సీపీ (ఫస్ట్ కంటెంట్‌ఫుల్ పెయింట్) అంటారు. కనిపించే భాగంలో అన్నిటికంటే పెద్ద చిత్రం లేదా పెద్ద పాఠ్య ఖండం గీసిన క్షణాన్ని ఎల్‌సీపీ (లార్జెస్ట్ కంటెంట్‌ఫుల్ పెయింట్) అంటారు. పేజీ ఇంకా వస్తూండగా ఏది అన్నిటికంటే పెద్దదో ముందుగా తెలియదు కదా. అందుచేత బ్రౌజర్ అప్పటికి కనిపించినవాటిలో పెద్దదాన్ని అభ్యర్థిగా ప్రకటిస్తుంది. అంతకంటే పెద్దది వస్తే కొత్త అభ్యర్థిని ప్రకటిస్తుంది. వాడుకరి పేజీని నొక్కినా, కీబోర్డు తాకినా, స్క్రోల్ చేసినా ఆ వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది. చివరిగా నిలిచిన అభ్యర్థిదే ఎల్‌సీపీ. కాబట్టి ఒకే పేజీ, ఒకే ఫోను, ఒకే నెట్‌వర్క్ అయినా, ఓపికగా చూస్తూ కూర్చున్న మనిషికి ఒక ఎల్‌సీపీ, తొందరపడి స్క్రోల్ చేసిన మనిషికి ఇంకో ఎల్‌సీపీ వస్తాయి. తప్పుడు విజేతలు రాకుండా కొన్ని వడపోతలు కూడా ఉన్నాయి. పూర్తిగా పారదర్శకంగా ఉన్న అంశాన్ని లెక్కించరు. తెర మొత్తం పరుచుకున్న చిత్రాన్ని నేపథ్యంగా భావించి వదిలేస్తారు. క్రోమ్ 112 నుంచి, ఒక్కో పిక్సెల్‌కు 0.05 బిట్ల సమాచారం కూడా లేని చిత్రాలను సైతం పక్కన పెడుతున్నారు. ఖాళీ చిత్రాన్ని అడ్డుపెట్టి మంచి అంకె తెచ్చుకునే దారి దాంతో మూసుకుపోయింది.

మన ఉదాహరణకు తిరిగి వద్దాం. మొదటి బైటు 780 దగ్గర వచ్చింది. ఎఫ్‌సీపీ 1,450 దగ్గర. పేజీ పైన ఉన్న పెద్ద చిత్రాన్ని బ్రౌజర్ అడగడం మొదలుపెట్టింది 1,900 దగ్గర, అది పూర్తిగా దిగింది 2,900 దగ్గర, తెర మీద గీసింది 3,100 దగ్గర. ఎల్‌సీపీ 3.1 సెకన్లు. లోడ్ ఈవెంట్ 4,200 దగ్గర. ఎల్‌సీపీ బాగాలేదనగానే చిత్రాన్ని కుదించమని సలహా ఇస్తారు. ఆ 3,100ను ముక్కలు చేసి చూడండి: మొదటి బైటు దాకా 780, చిత్రాన్ని అడగడానికి ముందు ఊరికే గడిచింది 1,120, చిత్రం దిగడానికి 1,000, దిగాక గీయడానికి 200. చిత్రం పరిమాణం సగం చేస్తే సుమారు అర సెకను మిగులుతుంది. అసలు రోగం ఆ 1,120లో ఉంది. చిత్రం చిరునామా హెచ్‌టీఎంఎల్‌లో లేకుండా స్క్రిప్ట్ లోపల దాగి ఉండటం వల్ల, ఆ స్క్రిప్ట్ దిగి నడిచేదాకా బ్రౌజర్‌కు అటువంటి చిత్రం ఒకటుందనే తెలియలేదు. చిరునామాను హెచ్‌టీఎంఎల్‌లోకి తెస్తే, చిత్రాన్ని ముట్టుకోకుండానే సెకనుకు దగ్గరగా మిగులుతుంది. ఎల్‌సీపీని ఒకే అంకెగా కాకుండా ఈ నాలుగు ముక్కలుగా చూడాలని నేను ప్రతిచోటా పట్టుబట్టేది ఇందుకే.

గూగుల్ 2020 మే నెలలో కోర్ వెబ్ వైటల్స్ అని ప్రకటించిన మూడు కొలతల్లో ఎల్‌సీపీ మొదటిది, 2.5 సెకన్ల లోపు ఉంటే మంచిదని హద్దు పెట్టారు. రెండోది సీఎల్ఎస్ (క్యుములేటివ్ లేఅవుట్ షిఫ్ట్), పేజీలోని అంశాలు ఉన్నట్టుండి ఎంత జరుగుతున్నాయో చూసేది. దాని హద్దు 0.1. ఇది కాలాన్ని కొలవదు కనుక ఇంతటితో వదిలేస్తాను. మూడోది మొదట ఎఫ్ఐడీ (ఫస్ట్ ఇన్‌పుట్ డిలే). 2024 మార్చి 12న దాని స్థానంలోకి ఐఎన్‌పీ (ఇంటరాక్షన్ టు నెక్స్ట్ పెయింట్) వచ్చింది. ఎఫ్ఐడీ వాడుకరి చేసిన మొట్టమొదటి చర్యకు, అందులోనూ స్పందన మొదలుపెట్టడానికి పట్టిన జాప్యాన్నే కొలిచేది. అందువల్ల దాదాపు ప్రతి పేజీ అందులో ఉత్తీర్ణమయ్యేది, వాడుకరులేమో పేజీ మొరాయిస్తోందని విసుగుపడుతూనే ఉండేవారు. ఐఎన్‌పీ పేజీ మీద ఉన్నంతసేపూ జరిగిన నొక్కుళ్లు, తాకిడులు, కీబోర్డు చర్యలన్నిటినీ గమనించి, చర్య జరిగిన క్షణం నుంచి దాని ఫలితంగా తర్వాతి ఫ్రేము తెర మీద పడేదాకా పట్టిన కాలాన్ని తీసుకుని, వాటిలో దాదాపు అన్నిటికంటే అధ్వానమైనదాన్ని చెబుతుంది. దీని హద్దు 200 మిల్లీసెకన్లు. ఈ మార్పు ఎంతో అవసరమైనదని నా అభిప్రాయం.

ఈ హద్దులన్నీ 75వ పర్సెంటైల్‌కు వర్తిస్తాయి. అంటే నూటికి కనీసం 75 సందర్శనలు ఆ హద్దు లోపల ఉండాలి. సగటు ఎందుకు వాడకూడదో చూపడానికి చిన్న లెక్క చాలు. పది సందర్శనల్లో తొమ్మిది 2 సెకన్లలో, ఒకటి 22 సెకన్లలో ముగిస్తే సగటు 4 సెకన్లు. ఆ పదిమందిలో 4 సెకన్లు అనుభవించిన మనిషి ఒక్కరూ లేరు.

సగటు కంటే లోతైన సమస్య ఒకటుంది, అది లెక్కలోకే రాని మనుషులది. పేజీ లోపలి స్క్రిప్ట్ కొలతలు సేకరించి సర్వర్‌కు పంపాలంటే, ఆ స్క్రిప్ట్ దిగి నడిచేదాకా వాడుకరి ఓపిక పట్టాలి. విసిగి మధ్యలోనే వెళ్లిపోయిన మనిషి సందర్శన పట్టికలో ఉండదు. దీనికి యూట్యూబ్‌లో జరిగిన ఒక సంఘటన మంచి సాక్ష్యం. అక్కడ ఇంజనీరుగా పనిచేసిన క్రిస్ జకారియాస్ 2012లో దాన్ని రాశారు. వీడియో పేజీ బరువు 1.2 మెగాబైట్లు ఉండేది. ఆయన దాన్ని 98 కిలోబైట్లకు తగ్గించి, కొద్దిమంది వాడుకరులకు ఇచ్చి చూశారు. సగటు లోడ్ సమయం తగ్గకపోగా పెరిగింది. కారణం వెతికితే తేలిందేమంటే, నెట్ అతి మందంగా ఉన్న ప్రాంతాల నుంచి అంతవరకూ పేజీ తెరవలేకపోయినవాళ్లు ఇప్పుడు తెరవగలుగుతున్నారు. పాత పేజీ వాళ్లకు ఇరవై నిమిషాలు పట్టేది, కొత్తది రెండు నిమిషాల్లో వస్తోంది. రెండు నిమిషాలు కూడా పెద్ద అంకే కనుక సగటును పైకి లాగింది. అంకెను మాత్రమే చూసి ఆ మార్పును వెనక్కి తీసుకుని ఉంటే ఎంత అన్యాయం జరిగేదో ఆలోచించండి.

కొలతను ఏ క్షణంలో పంపుతామన్నది కూడా ఇందుకే ముఖ్యం. లోడ్ ఈవెంట్ వచ్చాక పంపితే అంతకుముందే వెళ్లిపోయినవాళ్లు పోతారు. పేజీ మూసేటప్పుడు వచ్చే అన్‌లోడ్ ఈవెంట్‌ను నమ్ముకుంటే, మొబైల్ ఫోన్లలో అది చాలాసార్లు రానే రాదు. వాడుకరి వేరే యాప్‌లోకి వెళ్లి, అక్కడి నుంచే బ్రౌజర్‌ను తీసేస్తాడు. పేజీ కనుమరుగైనట్టు తెలిపే విజిబిలిటీ చేంజ్ ఈవెంట్ వచ్చినప్పుడు పేజీ మూసుకుపోతున్నా డేటా పంపగలిగే సెండ్ బీకన్‌తో పంపడం ఉన్నవాటిలో నమ్మదగిన మార్గం.

ఇదే విజిబిలిటీ మరో చోట కూడా అడ్డుపడుతుంది. వాడుకరి ఒక లింకును వెనక ట్యాబులో తెరిచి, ఐదు నిమిషాల తర్వాత ఆ ట్యాబుకు వచ్చాడనుకోండి. కనిపించని ట్యాబులో బ్రౌజర్ ఏమీ గీయదు కాబట్టి ఎఫ్‌సీపీ ఐదు నిమిషాలని వస్తుంది. అది పేజీ తప్పు కాదు. అటువంటి సందర్శనలను వడకట్టకపోతే పట్టిక పైభాగమంతా ఇలాంటి చెత్తతో నిండిపోతుంది. వెనుకకు బటన్ నొక్కినప్పుడు బ్రౌజర్ దాచి ఉంచిన పేజీని కాష్ నుంచి తక్షణం చూపించే సందర్భాలు దీనికి తలకిందులు: వాడుకరికి అవి అతి వేగవంతమైన సందర్శనలు, కొత్త నావిగేషన్ ముద్రలు పడవు కనుక చాలా పరికరాలు వాటిని అసలు లెక్కించవు.

ఇక ప్రయోగశాల కొలతల గురించి కొంచెం. గూగుల్ పరీక్షా పరికరమైన లైట్‌హౌస్ మొబైల్ పరీక్షలో మామూలుగా జరిగేది ఏమిటంటే, పేజీని ఏ ఆటంకమూ లేకుండా ఒకసారి తెరిచి, నెట్‌వర్క్ రాకపోకకు 150 మిల్లీసెకన్లు, వేగం సెకనుకు 1.6 మెగాబిట్లు, ప్రాసెసర్ నాలుగు రెట్లు మందంగా ఉంటే ఎంత పట్టేదో లెక్కగట్టడం. అది అంచనా. తెర మీద అంత ఆలస్యం నిజంగా ఎవరూ చూడలేదు. నిన్నటి కోడ్‌కూ ఇవాళ్టి కోడ్‌కూ తేడా పట్టుకోవడానికి అది బాగా పనికొస్తుంది. వాడుకరుల అనుభవం ఇదేనని చెప్పడానికి మాత్రం పనికిరాదు. ఆ అనుభవం కోసం క్రోమ్ వాడుకరుల నుంచి సేకరించే క్రక్స్ సమాచారం ఉంది. అది గడిచిన 28 రోజుల మొత్తం కనుక నిన్న చేసిన మార్పు దానిలో పూర్తిగా ప్రతిఫలించడానికి నెల రోజులు పడుతుంది. అదీ క్రోమ్ వాడేవాళ్లలో సమాచారం పంచుకోవడానికి ఒప్పుకున్నవాళ్లకే పరిమితం. పైగా మీ సొంత స్క్రిప్ట్ లెక్కకూ క్రక్స్ లెక్కకూ తేడా రావచ్చు. పేజీలో వేరే సైటు ఫ్రేము ఉండి, అన్నిటికంటే పెద్ద చిత్రం ఆ ఫ్రేములో ఉంటే, బ్రౌజర్ దాన్ని చూడగలదు, మీ స్క్రిప్ట్ చూడలేదు. వేరే సైటు నుంచి దిగే వనరుల విషయంలోనూ అంతే. ఆ సైటు టైమింగ్ అలో ఆరిజిన్ అనే హెడర్‌తో అనుమతి ఇవ్వకపోతే వాటి లోపలి దశలన్నీ సున్నాలుగానే కనిపిస్తాయి. ఆ సున్నాలను నిజమైన సున్నాలనుకుని సగటులో కలిపేసిన నివేదికలు ఎన్నో ఉన్నాయి.

బ్రౌజర్ల మధ్య పోలిక కూడా జాగ్రత్తగా చేయాలి. ఎల్‌సీపీ చాలా కాలం క్రోమ్, ఎడ్జ్ వంటి క్రోమియం ఆధారిత బ్రౌజర్లలోనే ఉండేది. ఫైర్‌ఫాక్స్‌లోకి 2024లో 122వ వెర్షన్‌తో వచ్చింది. గీయడం అనే క్షణాన్ని ఎక్కడ గుర్తించాలన్న విషయంలో ప్రమాణం బ్రౌజర్లకు కొంత వెసులుబాటు ఇచ్చింది కాబట్టి, ఒక బ్రౌజర్ ఎఫ్‌సీపీని మరో బ్రౌజర్ ఎఫ్‌సీపీ పక్కన పెట్టి ఫలానాది వేగవంతమైనదని తేల్చడం సరికాదు.

చివరిగా, ఈ కొలతలు చాలావరకు తాకని ఒక ప్రాంతం ఉంది. ఒక్కసారి తెరుచుకుని, ఆ తర్వాత లింకులు నొక్కినా పేజీ మారకుండా జావాస్క్రిప్టే లోపలి సరుకును మార్చే సైట్లు ఇప్పుడు ఎన్నో ఉన్నాయి. వాడుకరి దృష్టిలో అక్కడ ప్రతి నొక్కుడూ కొత్త పేజీయే. బ్రౌజర్ దృష్టిలో నావిగేషన్ జరిగింది ఒక్కసారే, గడియారం సున్నా దగ్గర మొదలైందీ ఒక్కసారే. వాడుకరి చర్య జరిగి, దాని వల్ల చిరునామా మారి, తెర మీద కొత్త సరుకు గీసినప్పుడు దాన్ని సాఫ్ట్ నావిగేషన్‌గా గుర్తించి, ఆ చర్య జరిగిన క్షణం నుంచి కొత్తగా ఎల్‌సీపీ కొలవాలని క్రోమ్ బృందం ప్రయోగాలు చేస్తూ వచ్చింది. అది అన్ని బ్రౌజర్లకూ అందేదాకా, అటువంటి సైట్లు నడిపేవాళ్లు యూజర్ టైమింగ్ అనే ప్రమాణంలోని మార్క్, మెజర్ పిలుపులతో ఆరంభ క్షణాన్నీ ముగింపు క్షణాన్నీ తామే గుర్తించుకోవాలి. ఆరంభాన్ని నొక్కుడు దగ్గర పెట్టండి, డేటా కోసం అడిగిన చోట పెట్టకండి. ముగింపును డేటా చేతికొచ్చిన చోట కాకుండా, అది తెర మీద పడిన తర్వాతి ఫ్రేము దగ్గర పెట్టండి. ఈ రెండు చోట్లనూ మీ నివేదికలో అంకె పక్కనే రాసి ఉంచండి.